పెడచెవి

"మళ్ళీ మోగుతోంది," వేలెత్తింది హిల్ల.
నాకేమీ వినబడలేదు.
నలభై ఏళ్లు సైమా సరస్సు మీద
మోటారు పక్కనే కూర్చున్న చెవులివి.
సన్నని చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే సెలవు పుచ్చుకున్నాయి.
ముందు మిడతలు, తర్వాత టీ కెటిల్,
ఆ తర్వాత మా అమ్మాయి మాటల్లో సగం.

అయినా పడవ నాది, పరువూ నాదే.
"ఎలా మోగుతోంది? ఆగి ఆగా? ఏకబిగినా?"
ఆగి ఆగి అయితే ఆయిల్, ఏకబిగిన అయితే వేడి.
ఇంజన్ పుస్తకంలో ఆ పేజీ నాకు కంఠతా వచ్చు.
పక్క దీవి పిల్ల, పద్నాలుగేళ్లది,
కళ్ళు మూసుకుని వింది.
"రెండూ కాదు తౌనో తాతా,
ఈల రానివాడెవడో నేర్చుకుంటున్నట్టుంది."
పుస్తకంలో అలాంటి పేజీ లేదు.

తాళం తిప్పి ఆపాను. "ఆగిందా?"
"ఆగింది."
అయితే దొంగ దొరికినట్టే, ఇంజనే.

మూత ఎత్తాను. పుల్ల లాగి, తుడిచి, ముంచి చూశాను.
ఆయిల్ తేనె రంగులో గీతకి సరిగ్గా ఉంది.
మళ్ళీ స్టార్ట్ చేసి అరచెయ్యి ఆనించాను,
చంటిపిల్ల నుదురంత వెచ్చన, జ్వరం లేదు.
పక్క కన్నంలోంచి నీళ్ళు
మారాం చెయ్యకుండా ధారగా పడుతున్నాయి.
ఆపి, భుజం దాకా చెయ్యి సరస్సులో ముంచి
ప్రొపెల్లర్ చుట్టూ తడిమాను.
కాస్త నాచు, ఒక గాలపు దారం ముక్క,
అదీ నా గాలానిదే.

ఒక్కో తీగా ఊడదీసి, తుప్పు గీకి, మళ్ళీ తగిలించాను.
ప్రతిసారీ ఆ పిల్ల మొహంలోకి చూడటం,
ఆ పిల్ల తల ఊపడమో, వేలెత్తడమో.
అరువు చెవులతో వైద్యం.
ఒక దశలో అనుమానం కూడా వచ్చింది,
నాతో వేళాకోళమాడటం లేదు కదా?

జూన్‌లో ఇక్కడ రాత్రి పదకొండయినా వెలుతురే.
నా ఓపిక మాత్రం అస్తమించింది.
బ్యాటరీ తీగలు రెండూ పీకేశాను.
"ఇప్పుడిక చచ్చినా మోగదు."

అప్పుడే దూరంగా ఒక స్టీమర్ వెళ్ళింది.
దాని అలలు తీరిగ్గా వచ్చి మమ్మల్ని ఊపాయి.
హిల్ల వేలెత్తింది.

కరెంటే లేని పడవలో అలారం!
ఇద్దరికీ ఒళ్ళు జలదరించింది,
నాకు భయంతో, దానికి సంబరంతో.
మోకాళ్ళ మీద పాకుతూ, చెవి చెక్కకానించుకుంటూ
స్టీరింగ్ కింది అరలోకి దూరింది.
తాళ్ళు, పాత మ్యాపులు, ఉన్ని టోపీ,
టోపీ లోపల నల్ల ఉప్పు మిఠాయి రేకు డబ్బా.
మూత తీసింది.

దూదిలో కవలపిల్లల్లా
లప్పేన్‌రంత ఆసుపత్రివాళ్ళు పోయిన వారమే ఇచ్చిన
నా వినికిడి యంత్రాలు.
పడవ ఊగి ఒకదానికొకటి తగిలినప్పుడల్లా
కీచుమంటున్నాయి, పాపం.
పెట్టుకో నాన్నా, పెట్టుకో అని మా కిర్సి
చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.
పెట్టుకున్నాను, పెడచెవిన.

హిల్ల నవ్వలేదు, అదే నయం.
కుడిది తీసి నా అరచేతిలో పెట్టింది.
బ్యాటరీ తీగలు బిగించి, దాన్ని చెవిలో దూర్చుకుని
తాళం తిప్పాను.

పడవ పక్కకి నీళ్ళు కొట్టుకోవడం,
హిల్ల ముక్కు ఎగబీల్చడం,
ఎక్కడో ఒడ్డున ఎవరో తలుపు వేయడం,
ఇంజన్ అడుగున
టిక్, టిక్, టిక్,
ఎవరో గులకరాయి నములుతున్నట్టు.

"ఇది... ఎప్పట్నుంచి?"

"అదా? పోయిన వేసవి నుంచీ ఉంది కదా.
మీకు తెలుసనుకున్నాను."